చలికాలపు కేక్ ట్రఫుల్స్‌లో తీపి తగ్గిద్దాం

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని ఒహాయోలో ఉన్న మన తెలుగు కుటుంబాలు సంఘం విందులకు, పిల్లల బడి వేడుకలకు, ఇరుగుపొరుగు వారికి ఇచ్చే పెట్టెలకు కేక్ ట్రఫుల్స్ చేయడం ఇప్పుడు బాగా అలవాటయింది. కాల్చిన కేకును పొడిగా నలిపి, అందులో కొంచెం క్రీమో వెన్నో కలిపి, ఒక్కసారి నోట్లో వేసుకునేంత ఉండలుగా చుట్టి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టే మిఠాయి ఇది. మనవాళ్లు దీన్ని ఇంత ఇష్టంగా చేపట్టడం నాకు చాలా సంతోషంగా ఉంది. సంతోషంగా ఉంది కాబట్టే, చేసే పద్ధతిలో ఒక మార్పు జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. లోపల కలిపే క్రీము ఇప్పుడున్న దానిలో మూడో వంతుకు తగ్గాలి. పైన పూసేది అసలైన చాక్లెట్ కావాలి.

ప్రస్తుతం ఎక్కువ మంది పాటిస్తున్న లెక్క ప్రకారం, 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు గల పళ్లెంలో కాల్చిన ఒక కేకుకు కేకు పైన పూసే తీపి క్రీము అయిన ఫ్రాస్టింగ్‌ను 16 ఔన్సుల డబ్బా, అంటే సుమారు 450 గ్రాములు, మొత్తం కలిపేస్తారు. ఆ డబ్బా మీది పదార్థాల పట్టికలో సాధారణంగా మొదట ఉండేది చక్కెర. కేకులో అప్పటికే చక్కెర ఉంది, పైపూతలో మళ్లీ ఉంది. ఈ మూడూ కలిసిన ఉండలో కేకు రుచి ఎక్కడా తెలియదు, సరిగ్గా ఉడకని పిండిలా నాలుకకు అంటుకునే ఒక జిగట ముద్ద మాత్రమే తెలుస్తుంది. మన విందుల్లో పెద్దవాళ్లు ఒకటి తీసుకుని, సగం కొరికి, మిగతా సగం పళ్లెం అంచున వదిలేయడానికి కారణం కొత్త రుచి మీద అయిష్టం కాదని, మితిమీరిన ఆ తీపేనని నా అభిప్రాయం.

ఉండ చిన్నదయ్యే కొద్దీ ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. పూత మందం అంతే ఉండి, ఉండ వ్యాసం సగానికి తగ్గితే, లోపలి కేకుతో పోల్చినప్పుడు పూత వాటా దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఒక్క ముద్దగా తినదగిన చిన్న ట్రఫుల్‌లో తీపిని మోసే పని చాలావరకు చాక్లెటే చేస్తుంది కాబట్టి, లోపలి భాగానికి ఆ బాధ్యత అవసరం లేదు. దానికి ఉండవలసినవి కేకు పలుకు, సుగంధం, చిటికెడు ఉప్పు.

ఈ మిఠాయి వెనుక ఉన్నది పొదుపు. డెన్మార్క్ బేకరీల్లో ఆ రోజు అమ్ముడుపోని కేకులను నలిపి, జామ్, కోకో, రమ్ము వాసన కలిపి చుట్టే రమ్ము ఉండలు, స్వీడన్‌లో మిగిలిన కేకు పొడిని ఆకుపచ్చని బాదం ముద్దతో చుట్టి రెండు చివరలూ చాక్లెట్‌లో ముంచే చిన్న రోల్స్, రష్యాలో బంగాళాదుంప ఆకారంలో చేసే కేకు ముద్దలు, ఇవన్నీ మిగిలినదాన్ని పారవేయకుండా మళ్లీ రుచిగా మార్చే ఉపాయం నుంచి పుట్టినవే. మన పక్క రాష్ట్రం కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1919లో మొదలైన రెబెక్కా రూత్ మిఠాయి సంస్థ 1938లో బోర్బన్ ఉండలను తయారుచేసింది. ఆ తరువాత ఇళ్లలో బిస్కెట్ల పొడితో చేసుకునే బోర్బన్ ఉండలు క్రిస్మస్ పళ్లెంలో స్థిరపడిపోయాయి. మన ఒహాయోకు సొంతమైన బకై ఉండలు వేరుశనగ వెన్నతో చేసేవి, నెత్తిన గుండ్రంగా కొంత భాగం వదిలేసి చాక్లెట్‌లో ముంచేవి. పుల్ల గుచ్చిన కేక్ పాప్స్‌ను స్టార్‌బక్స్ 2011లో తన దుకాణాల్లోకి తెచ్చాక ఈ తరహా మిఠాయి దేశమంతటా పిల్లలకు పరిచయమయింది. ఈ రంగురంగుల కేక్ పాప్స్ వెనుకే డబ్బా ఫ్రాస్టింగ్ కూడా మన ఇళ్లలోకి వచ్చింది.

నా వాదనకు బలం మాత్రం మన వంటింట్లోనే ఉంది. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద ముద్దలను గుర్తు చేసుకోండి: రొట్టెను కాల్చి, వేడి తగ్గకముందే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కడతారు. బందరు తొక్కుడు లడ్డు పని ఇంకా కష్టమైనది; శనగపిండి పూసను వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో మళ్లీ దంచి, నెయ్యితో ఉండ కడతారు. ఒకసారి వండినదాన్ని పొడి చేసి, కొద్దిపాటి కొవ్వుతో, తీపితో తిరిగి ఒక్కటిగా కూర్చడమే ఈ రెండింటి పద్ధతి, కేక్ ట్రఫుల్ పద్ధతి కూడా అదే. నెయ్యి ఎక్కువైతే సున్నుండ జారిపోతుందని, తక్కువైతే విడిపోతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లకు చేతి స్పర్శతోనే తెలుసు. అంత జ్ఞానం ఇంట్లోనే ఉండగా డబ్బా మీది కొలతను ప్రమాణంగా తీసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కాబట్టి కొలతలను నేను ఇలా సూచిస్తాను. పూర్తిగా చల్లారిన కేకు గట్టి అంచులను కోసి పక్కన పెట్టి, మిగిలిన దాన్ని వేళ్లతో సన్నగా నలపాలి. మిక్సీలో వేస్తే పొడి మరీ మెత్తనై, ఉండ ముద్దగా తయారవుతుంది. 500 గ్రాముల పొడికి 75 గ్రాముల వరకు మాత్రమే కలిపే పదార్థం సిద్ధం చేసుకుని, దాన్నీ ఒక్కసారిగా పోయకుండా రెండేసి చెంచాలుగా వేస్తూ కలపాలి. పొడిని పిడికిట్లో నొక్కితే ఉండ నిలవాలి, అదే ఉండను బొటనవేలితో గట్టిగా అదిమితే పలుకుగా విడిపోవాలి, అక్కడ ఆగిపోవాలి. క్రీమ్ చీజ్ ఇష్టపడేవారు అందులో నీరు ఎక్కువని గమనించాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం దానిలో 55 శాతం వరకు తేమ ఉండవచ్చు. అందువల్ల దానితో చేసినవి త్వరగా మెత్తబడతాయి, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు, పైగా చలికాలపు వంటింట్లో అది తొందరగా గడ్డకట్టి ఉండకు బిగువు ఇస్తుంది. గోరువెచ్చని నెయ్యి, దానికి తోడు ఒకటి రెండు చెంచాల చిక్కని కాఫీ డికాక్షనో నారింజ రసమో కలపడం నాకు అన్నిటికంటే నచ్చిన మార్గం. ఏలకుల పొడి, శొంఠి, నారింజ తొక్క తురుము చాక్లెట్‌తో చక్కగా కలుస్తాయి. పచ్చకర్పూరం మాత్రం కేకు వాసనను పూర్తిగా మింగేస్తుంది. దాన్ని లడ్డూకే ఉంచుదాం.

ఈ మిఠాయి కోడిగుడ్డు తినని ఇళ్లకు చేసే మేలును ఎవరూ తగినంతగా చెప్పడం లేదు. పెరుగుతో, వంటసోడాతో చేసే గుడ్డు లేని కేకు ఒక్కోసారి సరిగ్గా పొంగదు, పైన పగులుతుంది, కోస్తే ముక్క చెదురుతుంది, దానితో అతిథుల ముందు పెట్టడానికి చేసినవారు మొహమాటపడతారు. ఎలాగూ నలిపేదే కాబట్టి ట్రఫుల్‌కు ఆ లోపాలేవీ అడ్డురావు. కొంచెం బరువుగా, తేమగా ఉండే ఆ కేకు పొడికి కలిపే కొవ్వు కూడా తక్కువే పడుతుంది.

ఇక పైపూత సంగతి. రంగురంగుల బిళ్లలుగా దొరికే పూత పదార్థాల్లో కోకో వెన్న స్థానంలో ఎక్కువగా తాటిజాతి గింజల నూనె ఉంటుంది. కరిగించి ముంచితే చాలు, ఏ జాగ్రత్తా లేకుండా గట్టిపడతాయి. అందుకే అవి ప్రాచుర్యం పొందాయి. కానీ వాటిలో తీపి ఎక్కువ, అంగిలికి మైనంలా అంటుకునే గుణం ఎక్కువ. చిన్నపిల్లల బల్ల దగ్గర, వేడి నియంత్రణ కుదరని చోట వాటిని వాడడంలో తప్పు లేదు. పెద్దల పళ్లేనికి మాత్రం కనీసం 60 శాతం కోకో ఉన్న నల్ల చాక్లెట్ వాడితే, దాని చేదు లోపలి తీపిని సరిచేస్తుంది.

అసలైన చాక్లెట్ అంటే చాలామంది వెనుకాడడానికి కారణం, ఆరిన తరువాత అది మెరవకుండా బూడిద రంగు చారలు కట్టడమే. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో అయిదో రకం ఏర్పడినప్పుడే చాక్లెట్‌కు మెరుపు, విరిస్తే ఠక్కున విరిగే గుణం, నోటి వేడికి కరిగే గుణం కలుగుతాయి. దాన్ని రాబట్టడం ఇంట్లో సాధ్యమే. చాక్లెట్‌లో రెండు వంతులను వేడినీటి గిన్నె మీద 45 డిగ్రీల సెల్సియస్ దాటేవరకు, అంటే ఫారెన్‌హీట్‌లో సుమారు 115 డిగ్రీల వరకు కరిగించి, దించి, మిగిలిన ఒక వంతు సన్నని ముక్కలను కొద్దికొద్దిగా వేస్తూ 31, 32 డిగ్రీలకు, అంటే ఫారెన్‌హీట్‌లో 88 నుంచి 90కి వచ్చేదాకా కలుపుతూ ఉండాలి. కరగని ముక్కల్లోని మంచి స్ఫటికాలు తక్కినదానికి బీజంగా పనిచేస్తాయి. పాల చాక్లెట్‌కు, తెల్ల చాక్లెట్‌కు చివరి వేడి ఇంకొంచెం తక్కువగా ఉండాలి. గిన్నెలో ఒక్క నీటి చుక్క పడినా చక్కెర రేణువులు అతుక్కుని చాక్లెట్ అంతా బిరుసు ముద్దవుతుంది. కాబట్టి తడి చెంచా, తడి చెయ్యి దగ్గరికి రాకూడదు.

ఉండలను ముంచే ముందు ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే చాలు. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినవాటిని ముంచితే, పూత ఆరుతూ బిగుసుకునే సమయంలోనే లోపలి ఉండ వేడెక్కి వ్యాకోచించి, పూత పగులుతుంది. మనలో చాలామంది డిసెంబరులో గరాజ్‌నే రెండో ఫ్రిజ్‌గా వాడుకుంటారు. నల్ల చాక్లెట్ పూసిన నెయ్యి ఉండలకు అది సరిపోతుంది, క్రీమ్ చీజ్ కలిపినవాటిని మాత్రం ఎండపడితే వేడెక్కే ఆ గదికి వదలకూడదు. ఇంకొక మాట మన ఇళ్లకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. కోకో వెన్న చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది, కాబట్టి పోపు వేసిన పప్పు, ఉల్లిపాయ కూర ఉన్న ఫ్రిజ్‌లో ట్రఫుల్స్‌ను బిగుతైన మూత ఉన్న డబ్బాలోనే పెట్టాలి. బయటికి తీశాక ఆ డబ్బా వంటింటి వేడికి వచ్చేదాకా మూత తీయకపోతే పూత మీద చెమ్మ పట్టదు.

పంచిపెట్టే మిఠాయి కాబట్టి, లోపల ఏముందో రాసి పెట్టడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా. రమ్ము, బోర్బన్ కలిపిన ఉండలను మళ్లీ కాల్చరు, కాబట్టి అందులోని మద్యం చాలావరకు అలాగే ఉంటుంది. పిల్లలు, మద్యం ముట్టనివారు ఉన్న చోట అది చెప్పకుండా పెట్టడం సరికాదు. ఎర్రని అలంకరణ పలుకుల్లో కొన్నిటికి రంగు కోసం కార్మైన్ వాడతారు, అది పురుగుల నుంచి వచ్చేది. మెరుపు కోసం పూసే మిఠాయి గ్లేజ్ లక్క పురుగు స్రావంతో చేసేది. శాకాహారం పాటించే మన కుటుంబాల్లో ఎంతోమంది ఈ రెండూ తెలియక తింటున్నారు. నువ్వుల విషయం మనం మరింత శ్రద్ధగా తీసుకోవాలి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద తప్పక పేర్కొనవలసిన ప్రధాన అలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోవిగా చేరాయి. వేయించిన నువ్వుల్లో దొర్లించిన నల్ల చాక్లెట్ ట్రఫుల్ నాకు అన్నిటిలోకీ ఇష్టమైనదే అయినా, దాన్ని పేరు రాయకుండా బడికి పంపడానికి నేను ఒప్పుకోను.

ఇంత శ్రమ ఎందుకు, దుకాణంలో దొరుకుతాయి కదా, పైగా ఇది మన పండుగ కాదు కదా అని అడిగేవారున్నారు. తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఊళ్లో క్రిస్మస్‌కు గులాబీ పూలు, కజ్జికాయలు తరతరాలుగా చేస్తున్నాయి కాబట్టి రెండో మాటను నేను అంగీకరించను. మొదటి మాటకు నా సమాధానం, శ్రమను పంచుకోవడమే. ఒక రోజు కేకు కాల్చి, మరునాడు ఉండలు చుట్టి, మూడో రోజు ముంచితే ఏ ఒక్కరికీ భారం కాదు. చలికి ఇంట్లోనే ఉండిపోయే అమ్మమ్మలు, నానమ్మలు ఆ రెండో రోజు పనికి అందరికంటే సమర్థులు.

మన సంఘం డిసెంబరు విందుకు ఏటా పెద్ద కేకులు బయట నుంచి తెప్పిస్తోంది, అందులో చాలా భాగం మిగిలిపోతోంది. ఈ ఏడాది వాటికి బదులుగా, ఫ్రాస్టింగ్ లేని సాదా కేకులను ముందు రోజే మన ఇళ్లలో కాల్చి తెచ్చుకుని, హాలు వంటగదిలో అందరం కలిసి చుట్టాలని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. గుడ్డు ఉన్నవి, లేనివి వేర్వేరు బల్లల మీద ఉండాలి. ఒక్కొక్కటి 18 గ్రాములకు మించకుండా తూచడానికి చిన్న త్రాసులు, వేడి చూడడానికి రెండు మంచి థర్మామీటర్లు సంఘం ఖర్చుతో కొనాలి. చాక్లెట్ గిన్నె పెద్దవాళ్ల చేతిలో ఉంచి, ముంచిన ఉండ మీద అది గట్టిపడకముందే కొబ్బరి తురుమో బాదం పలుకులో చల్లే పని పిల్లలకు అప్పగిద్దాం. నువ్వుల పళ్లెం వేరే బల్ల మీద, వేరే చెంచాతో, పెద్ద అక్షరాల్లో పేరు రాసి పెడదాం.