జంట సున్నాల గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ బ్యాలెన్సింగ్ మెషిన్ తెర మీది జంట సున్నాల గారికి,

పెద్ద టైర్ల జీపులవాళ్లం నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. టైర్ల షాపులో తమరు ఎర్రగా వెలుగుతూ క్షేమంగానే ఉన్నారు. చక్రం లోపలి అంచుకు, బయటి అంచుకు ఇంకెన్ని గ్రాముల సీసం కొట్టాలో చెప్పే అంకెలు తమరు; రెండూ సున్నాలైతే తూకం సరిపోయినట్టు లెక్క. మా స్టీరింగ్‌కే ఒంట్లో బాగాలేదు. 44వ నంబరు హైవే ఎక్కి గుత్తి వైపు పోతూ 80 దాటామంటే చాలు, చలిజ్వరం. గార్లదిన్నె వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీది దేవుడు కూడా తల అడ్డంగా ఊపుతుంటాడు. షాపువాణ్ణి అడిగితే మిమ్మల్నే సాక్షికి పిలుస్తాడు: లోపల సున్నా, బయట సున్నా, ఇంకేం కావాలన్నా?

ఒక లెక్క వినండి. 33 అంగుళాల టైరు ట్రెడ్‌లో (నేలకు తగిలే భాగంలో) ఒకచోట 100 గ్రాములు ఎక్కువుందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు పదిసార్లు పైనే తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ 100 గ్రాములు హబ్‌ను (బండికి చక్రం బిగించే నడిమి భాగాన్ని) 18 కిలోల పైచిలుకు బలంతో గుంజుతాయి. 50లో పోతే అందులో నాలుగో వంతే. అందుకే టవర్‌క్లాక్ చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినా తమరి గుట్టు బయటపడదు. పైగా ట్రెడ్‌లో ఉన్న తేడాను రిమ్ అంచున సరిచేయాలి. 17 అంగుళాల రిమ్ అయితే 100 గ్రాములకు 190 గ్రాముల దాకా సీసం కొట్టాల్సిందే.

తమరు అబద్ధం చెబుతారని మేము అనం. తమరు చెప్పేది మెషిన్ షాఫ్ట్ సంగతి, బండి హబ్ సంగతి కాదు. చిక్కంతా అక్కడే. టైరు, రిమ్ కలిపి 40 కిలోల చక్రాన్ని ఒక్క పిల్లోడు ఎత్తి షాఫ్ట్‌కు తగిలించి, ముందు నుంచి కోన్ (రిమ్ రంధ్రాన్ని షాఫ్ట్ నడిమికి తెచ్చే శంకువు) నెట్టి, నట్టు గిర్రున బిగిస్తాడు. బరువుకు చక్రం కిందికి జారి అర మిల్లీమీటరు పక్కకు కూర్చుంటే రిమ్ అంచున 90 గ్రాముల తేడా వచ్చినట్టే. లేని రోగానికి మెషిన్ మందు రాస్తుంది, పిల్లోడు సీసం కొడతాడు, తమరు దర్శనమిస్తారు. బండికి బిగించగానే చక్రం తన అసలు నడిమికి వచ్చేస్తుంది. ఆ 90 గ్రాములే అప్పుడు రోగం.

కోన్ వెనక నుంచి రావాలి. అంతకుముందు రిమ్ నడిమి రంధ్రాన్ని వైరు బ్రష్‌తో తుప్పు పోయేలా గీకాలి. నట్టు బిగిస్తున్నంతసేపూ చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఇంత చేశాక కూడా తమరి మాట నమ్మడానికి మాకో పరీక్ష ఉంది. తమరు కనిపించగానే నట్టు వదులు చేసి, చక్రాన్ని షాఫ్ట్ మీద అర చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పడం. అప్పుడూ తమరే వస్తే దండం పెడతాం. తమరు పోయి 60, 70 గ్రాములు వచ్చిందంటే ఆ సీసం అంతా పీకి మొదటికి రావలసిందే. ఈ పరీక్ష పెట్టమంటే షాపువాడు మావైపు ఎలా చూస్తాడో తమరికి తెలియనిది కాదు.

చక్రం మెషిన్ ఎక్కకముందే జరగాల్సిన పనులూ ఉన్నాయి. కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో తిరిగొచ్చిన బండి రిమ్ లోపల సంగటి ముద్దంత మట్టి ఎండి అతుక్కుని ఉంటుంది. అది గీకకుండా, పాత వెయిట్లు పీకకుండా, ట్రెడ్ సందుల్లో రాళ్లు తీయకుండా తూకం వేస్తే తూచింది టైరునా, చేనునా? స్టిక్కర్ వెయిట్లు అంటించే చోటు థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వాలి. దుమ్ము మీద అంటిస్తే పామిడి దగ్గర పెన్న ఇసుకలోనే రాలిపోతాయి.

మెషిన్ ఒక వైపు 150 గ్రాములు దాటి అడిగితే సీసం దండ కట్టకండి. గాలి తీసి, బీడ్ (రిమ్‌లో కూర్చునే టైరు అంచు) విడగొట్టి, టైరును రిమ్ మీద అర చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. కొత్త టైరుకు పసుపు చుక్క ఉంటే అది తేలిక వైపు. దాన్ని వాల్వ్ దగ్గరికి తేవాలి. బీడ్ పక్కన ఉండే సన్నని గీత రిమ్ అంచుకు చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. లేకుంటే గాలి తీసి, సబ్బునీళ్లు పూసి మళ్లీ కొట్టాలి, 40 పాయింట్లు (psi) దాటకుండా.

ఇక టైరు గుండ్రంగా ఉందో లేదో తమరికి అసలే పట్టదు. కోడిగుడ్డుకు సరైన చోట సీసం కట్టినా తమరు నవ్వుతూ వచ్చేస్తారు. జాకీ ఎత్తి, ట్రెడ్‌కు దగ్గరగా ఇటుక మీద పెన్సిల్ ఆనించి చక్రం తిప్పితే నిజం తెలుస్తుంది. సందు 2 మిల్లీమీటర్లకు మించి మారుతుంటే రిమ్‌నూ విడిగా అలాగే చూడాలి. రిమ్ పల్లం దగ్గరికి టైరు ఎత్తును తిప్పి బిగించాలి. అప్పటికీ తగ్గకుంటే ఆ టైరు స్టెప్నీకి పనికొస్తుంది.

తమరి మీద మోపకూడని నిందలూ ఉన్నాయి లెండి. 60లో ఒక గుంత తగలగానే స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటూ బండి ఆపేదాకా ఆగలేదంటే, పాత జీపుల్లో, జిప్సీల్లో ముందు కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాన్‌పట్టీల బుష్‌లు చూడాలి. స్టీరింగ్ ఊపును అణిచే కొత్త డ్యాంపర్ వేస్తే రోగం దాక్కుంటుందంతే. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు. స్టీరింగ్ కాక సీటు వణికితే ముందుగా వెనక చక్రాలు చూడండి. పంక్చర్ రాకుండా టైరులో పోసుకున్న ద్రవం రాత్రంతా అడుగున చేరి పొద్దున్నే వణికిస్తే అది పూర్తిగా మా తెలివి.

ఇట్లు,
చేతులు తిమ్మిరెక్కిన జీపులవాళ్లు

తా.క.: వణుకు పోవాలంటే అలైన్‌మెంట్ కూడా చేయించమంటున్నారు. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది. ఈ వణుకుతో దానికి చుట్టరికం తక్కువ. ఆ డబ్బుతో ఉగ్గాని బజ్జీ తిని వస్తాం, ఈలోపు ఆ అర చుట్టు తిప్పించి ఉంచండి.