అమెరికాలో కాప్ మన కారు ఆపితే చేతులు ఎక్కడ ఉండాలి?

మన దగ్గర ట్రాఫిక్ పోలీసు బండి ఆపితే ఏం చేస్తాం? పక్కకు పెట్టి, దిగి, ఆయన దగ్గరికి మనమే నడిచి వెళ్తాం. ఎస్సై చెట్టు నీడలో నిలబడి ఉంటే అక్కడిదాకా వెళ్తాం. కారులోంచి దిగకుండా అద్దం దించి మాట్లాడితే "ఏం, దిగవా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆయన అడగకముందే జేబులోంచి లైసెన్సు, డాష్‌బోర్డులోంచి ఆర్‌సీ తీసి చేతిలో పట్టుకుని "సార్, ఈసారికి వదిలేయండి సార్" అంటాం. ఇదంతా మనకు మర్యాద. ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. నాన్న స్కూటర్ వెనక కూర్చుని చూసి నేర్చుకున్నాం.

అమెరికా రోడ్ల మీద ఇదే మర్యాద ప్రాణం మీదకు తెస్తుంది.

నేను వెళ్లిన మొదటి ఏడాదే ఇది తెలిసొచ్చింది. చీకటి పడే వేళ హైవే మీద వెనకనుంచి ఎర్ర, నీలం లైట్లు వెలిగాయి. కారు పక్కకు తీసి ఆపాను. అంతవరకూ బాగానే ఉంది. సీటు బెల్టు విప్పి, పక్క సీట్లో ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్ తీసుకుని తలుపు తెరిచాను. ఒక కాలు రోడ్డు మీద పెట్టానో లేదో, వెనకనుంచి స్పీకర్‌లో గట్టిగా అరుపు. కారు లోపలికి వెళ్లమని, చేతులు కనిపించేలా పెట్టమని. ఫోల్డర్ కింద పడిపోయింది. ఆ ఆఫీసర్ కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి నడుము దగ్గర తుపాకీ మీద ఉంది. లైసెన్సు చూశాక కూడా ఆ చెయ్యి వెంటనే అక్కణ్నుంచి కదల్లేదు. నేను చేసిన తప్పల్లా వెనక లైటు ఒకటి వెలగకపోవడం. చివరికి వార్నింగ్ కాగితం ఇచ్చి పంపేశాడు. ఇంటికెళ్లాక గంటసేపు అన్నం సహించలేదు.

ఆయన మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఆయన వైపునుంచి ఆలోచించడానికి కొన్నేళ్లు పట్టింది. హైదరాబాద్‌లో తనిఖీ అంటే బారికేడ్లు పెట్టి నలుగురైదుగురు సిబ్బంది ఒకేచోట ఉంటారు, చుట్టూ జనం ఉంటారు, బండి నడిపేవాడి దగ్గర తుపాకీ ఉంటుందని ఎవరూ అనుకోరు. అమెరికాలో కాప్ చాలాసార్లు ఒక్కడే ఉంటాడు. చీకట్లో, ఊరికి దూరంగా, లోపల ఎవరున్నారో తెలియని కారు దగ్గరికి నడిచి రావాలి. సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తుపాకీ దగ్గర పెట్టుకోవచ్చు. అందుకే అక్కడి పోలీసు శిక్షణలో ఎదుటి మనిషి చేతులు గమనించమని గట్టిగా చెబుతారు. మన నవ్వు, మన దండం, మన "సార్" ఆయనకు తర్వాత కనిపిస్తాయి. ముందు కనిపించేది చెయ్యే. ఆ చెయ్యి వెనక జేబులోకో, సీటు కిందికో, గ్లవ్ బాక్సులోకో వెళ్తే దేనికోసం వెళ్లిందో ఆయనకు తెలియదు.

కాబట్టి ఇండియానుంచి వెళ్లే పిల్లలకు "పోలీసుతో మర్యాదగా ఉండు" అని చెప్పి పంపడం చాలదని నా అభిప్రాయం. ఆ మాట చెబితే వాడు మనకు తెలిసిన మర్యాదే చూపిస్తాడు. అక్కడ మర్యాద అంటే కదలకుండా కూర్చోవడం. ఇండికేటర్ వేసి, మెల్లగా కుడివైపు అంచుకు తీసి ఆపాలి. ఆపే చోటు మరీ చీకటిగా ఉంటే హజార్డ్ లైట్లు వేసి, వేగం తగ్గించి, వెలుతురున్న చోటిదాకా వెళ్లొచ్చు. ఆపింది నిజంగా పోలీసేనా అని అనుమానం వస్తే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇంజిన్ ఆపాలి, రాత్రయితే లోపలి లైటు వేయాలి, అద్దం దించాలి. ఆ తర్వాత రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి అలాగే ఉండాలి. కాగితాలు ముందే వెతకొద్దు. లైసెన్సు అడిగాక కూడా చెయ్యి కదిపేముందు నోటితో చెప్పాలి, పర్సు ఫలానా జేబులో ఉంది, తీయమంటారా అని. ఫోన్‌లో రికార్డు చేసుకునే హక్కు ఉంది, కానీ ఆయన నడిచి వస్తుండగా ఫోన్ కోసం తడుముకోవడం మాత్రం వద్దు. దాన్ని ముందే హోల్డర్‌లో పెట్టుకుని ఉండాలి.

వెనక సీట్లో అమ్మానాన్నా ఉన్నప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన తండ్రి, కొడుకును పోలీసు ఆపాడనగానే తలుపు తెరిచి దిగబోతాడు. పెద్దమనిషిగా నాలుగు మాటలు చెప్పి సర్దిచెబుదామని ఆయన ఆరాటం. భాష రాకపోతే వచ్చే ప్రమాదాన్ని అలబామా రాష్ట్రం మాడిసన్‌లో 2015 ఫిబ్రవరిలో చూశాం. గుజరాత్‌నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఓ తాతగారు ఇంటి దగ్గర ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే పోలీసులు ఆపారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ఆ సంగతి చెప్పే ప్రయత్నమూ చేశాడు. ఓ ఆఫీసర్ ఆయన్ను నేలకేసి కొట్టడంతో వెన్నుకు దెబ్బతగిలి ఒళ్లు కొంతమేర చచ్చుబడింది. అక్కడ కారు లేదు, టికెట్ (మన చలానా లాంటిది) లేదు. ఆ వీడియో చూసినప్పటినుంచి మా నాన్నకు ఒకటే చెప్పాను. ఎవరు ఆపినా దిగొద్దు, నీ ముందున్న సీటు మీద చేతులు పెట్టుకుని కూర్చో, మాట్లాడేది నేను చూసుకుంటాను అని.

ఇక మాట సంగతి. కిటికీ దగ్గరికి వచ్చిన ఆఫీసర్ చాలాసార్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎందుకు ఆపానో తెలుసా?" అని. మన నోటినుంచి వచ్చే జవాబు, "సారీ సర్, స్పీడ్ చూసుకోలేదు". మన దగ్గర అది బతిమాలడం. అక్కడ అది నేరం ఒప్పుకోవడం. ఆయన చొక్కా మీద కెమెరా ఉంటే అదంతా రికార్డవుతుంది, రేపు కోర్టులో అదే మాట వినిపించొచ్చు. సినిమాల్లో చూసినట్టు "నీకు మౌనంగా ఉండే హక్కుంది" అని ముందే చెబుతారనుకోవద్దు. మామూలు ట్రాఫిక్ తనిఖీలో ఆ హెచ్చరిక చదవక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. కాలిఫోర్నియా ఒక మంచి పని చేసింది. ఎందుకు ఆపారో ప్రశ్నలకు ముందే ఆఫీసరే చెప్పాలని 2024 జనవరి 1నుంచి చట్టం అమల్లోకి తెచ్చింది. మిగతా చోట్ల ఆ ప్రశ్న వస్తే "తెలియదు ఆఫీసర్, మీరే చెప్పండి" అంటే అందులో అమర్యాద ఏమీ లేదు. అబద్ధం మాత్రం ఆడొద్దు. వీసా మీద ఉన్నవాడికి మౌనం వల్ల వచ్చే నష్టం కంటే అబద్ధం వల్ల వచ్చే నష్టం చాలా పెద్దది.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునే ప్రశ్న ఇంకొకటుంది. "డు యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్ ఇన్ ద కార్?" అని ఆఫీసర్ నవ్వుతూ అడుగుతాడు. వినడానికి పలకరింపులా ఉంటుంది. నిజానికి కారు వెతకడానికి ఆయన మన అనుమతి అడుగుతున్నాడు. వద్దు అని చెప్పాలనుకున్న మనవాడు కంగారులో "నో, నో సర్" అంటాడు. ఆ ఇంగ్లిష్ వాక్యానికి "నో" అంటే నాకేం అభ్యంతరం లేదని అర్థం. తల అడ్డంగా, నిలువుగా కాకుండా మధ్యరకంగా ఊపే మన అలవాటు దీనికి తోడు. మనం వద్దన్నాం అనుకుంటాం, ఆయన సరే అన్నామనుకుంటాడు. కాదనే హక్కు నీకుందని ఆయన ముందుగా చెప్పాల్సిన పని కూడా లేదు, 1973నుంచి అమెరికా సుప్రీంకోర్టు మాట అదే. అందుకని తల ఊపడం మానేసి పూర్తి వాక్యం పలకాలి. "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సర్చ్." గొంతు పెంచకుండా, చేతులు కదపకుండా ఒక్కసారి చెబితే చాలు. ఆ తర్వాత కూడా ఆయన వెతికితే అడ్డుపడొద్దు. మనం ఒప్పుకోలేదన్న సంగతి రికార్డులో ఉంటుంది, లాయరుకు కావాల్సింది అదే.

అడగడం వేరు, ఆదేశించడం వేరు. ఈ తేడా వినే చెవి ఉండాలి. దిగమని ఆదేశిస్తే దిగాలి. డ్రైవరును కారులోంచి దించే అధికారం పోలీసుకు ఉందని 1977లో, తోటి ప్రయాణికులనూ దించవచ్చని 1997లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. అప్పుడు వాదన పెట్టుకుంటే టికెట్‌తో పోయేది అరెస్టుదాకా వెళ్తుంది. ఆఫీసరుకూ హద్దుంది. టికెట్ పని అయిపోయాక సరైన కారణం లేకుండా మత్తుమందుల కోసం కుక్కతో వాసన చూపించడానికి ఆపి ఉంచకూడదని 2015లో నెబ్రాస్కా కేసులో అదే కోర్టు చెప్పింది. ఆ కేసులో డ్రైవరును అదనంగా ఆపింది ఏడెనిమిది నిమిషాలే. ఆ నిమిషాలకు కూడా లెక్క అడిగే దేశం అది. పని అయిపోయిందనిపిస్తే "యామ్ ఐ ఫ్రీ టు గో?" అని అడగడం ఆ తీర్పు తెలిసినవాడు చేసే పని.

ఇదంతా పాటించినా క్షేమంగా ఇంటికి వస్తామన్న గ్యారంటీ ఉందా అంటే, లేదు. 2016 జులై 6న మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో క్యాస్టిల్ అనే నల్లజాతి యువకుణ్ని ఆపారు. స్కూల్ క్యాంటీన్‌లో పనిచేసే మనిషి. తన దగ్గర తుపాకీ ఉందని ఆయనే ముందుగా, మర్యాదగా, "సర్" అంటూ చెప్పాడు. దానికి పర్మిట్ కూడా ఉంది. సెకన్ల తేడాలో ఆఫీసర్ ఏడు గుళ్లు పేల్చాడు. కారులో ఆయన స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ల పాప ఉన్నారు. మరుసటి ఏడాది ఆ ఆఫీసర్ నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. డ్రైవరు ప్రవర్తన బాగుంటే అంతా బాగుంటుందని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేనిది ఇక్కడే. శిక్షణ పొందినవాడు, ఆయుధం ఉన్నవాడు, జీతం తీసుకునేవాడు పోలీసు. శాంతంగా ఉండాల్సిన బాధ్యత ముందు అతనిదే. టెక్సస్‌లో 2017లో చేసిన చట్టం ఈ విషయంలో నాకు నచ్చింది. తనిఖీలో ఎలా నడుచుకోవాలో హైస్కూల్ పిల్లలకు పాఠం చెప్పాలంది, పోలీసులకు కూడా అదే పాఠం నేర్పాలంది. అయినా మన పిల్లాడు నేర్చుకోవాల్సిందే అంటాను. పోలీసును మార్చడం వాడి చేతిలో లేదు. అమెరికాలో పోలీసులు రోజుకు 50 వేలకు పైగా వాహనాలు ఆపుతారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల లెక్క. వాటిలో చాలావరకు టికెట్‌తోనో వార్నింగ్‌తోనో ముగుస్తాయి. మనవాడిది కూడా అలాగే ముగియాలి.

డబ్బు, పలుకుబడి సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. లైసెన్సులో నోటు మడిచి ఇవ్వడం అక్కడ పెద్ద నేరం, అక్కడికక్కడే బేడీలు పడతాయి. "మా మామయ్య సీఐ" అన్న మాట అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

టికెట్ చేతికొచ్చాక ఏం చేయాలన్నది మనవాళ్లు బాగా తేలిగ్గా తీసుకునే విషయం. దాని మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు వస్తాననో, డబ్బు కడతాననో మాట ఇచ్చినట్టు. కొన్ని రాష్ట్రాల్లో సంతకం పెట్టనంటే అరెస్టు చేయొచ్చు. ఇంటికొచ్చి టికెట్ డ్రాయర్‌లో పడేసి, చదువయ్యాక వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్లిపోయే పిల్లలున్నారు. కోర్టు తేదీ దాటిపోతే వారెంటు పుట్టొచ్చు, ఆ సంగతి ఏళ్ల తర్వాత తెలుస్తుంది. 2025 వసంతంలో వేలాదిమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులు) ఉన్నట్టుండి రద్దయినప్పుడు, వాళ్లలో స్పీడింగ్ టికెట్ తప్ప మరో మచ్చ లేనివాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో వరసగా కేసులు పడ్డాక ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ మూడు నాలుగు వారాలు ఎన్ని తెలుగు ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో మనకు తెలుసు. తాగి నడపడం సంగతైతే చెప్పక్కర్లేదు. శిక్ష పడకపోయినా, అరెస్టయితే చాలు, వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఏ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిలబడ్డా తెలిసిపోతుంది. పచ్చళ్లు ఎలా ప్యాక్ చేయాలో, ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారో చెప్పే వీడియోలు కోకొల్లలు. తానా, ఆటా, నాట్స్ లాంటి అక్కడి తెలుగు సంఘాలు ప్రతి ఆగస్టులో కొత్త పిల్లలను కూర్చోబెట్టి, వీలైతే స్థానిక పోలీసు ఆఫీసరునే పిలిచి, దీన్ని చేసి చూపిస్తే ఎంత మేలు. వింటే సరిపోదు, ఒంటికి అలవాటు కావాలి. ఎర్ర, నీలం లైట్లు వెలిగాక బుర్ర పనిచేయదు, అలవాటే పనిచేస్తుంది.

మా చెల్లెలి కొడుకు వెళ్లేముందు విజయవాడలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాణ్ని కారులో కూర్చోబెట్టాను. మన కారుకు స్టీరింగ్ కుడివైపు కాబట్టి అటే నిలబడి, ఫోన్ టార్చి వాడి మొహం మీద వేసి, "లైసెన్స్" అన్నాను. మాట పూర్తి కాకముందే వాడి చెయ్యి వెనక జేబులోకి వెళ్లింది. రెండోసారి చెయ్యి కదల్లేదు గానీ కారు చూడొచ్చా అంటే తల ఊపాడు. మూడోసారి బెల్టు విప్పేశాడు. లిఫ్ట్ దగ్గర నిలబడి చూస్తున్న మా చెల్లి, "ఏంటన్నయ్యా, రేపు ఫ్లైటు పెట్టుకుని వాణ్ని ఇలా భయపెడుతున్నావు" అంది. ఇంకొక్కసారి అన్నాను. ఈసారి టార్చి వెలుగులో వాడి పది వేళ్లూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. "మై వాలెట్ ఈజ్ ఇన్ మై బ్యాక్ పాకెట్, ఆఫీసర్. మే ఐ రీచ్ ఫర్ ఇట్?" అని, నేను సరే అనేదాకా ఆగాడు.