యాభై వాట్ల ముప్పు

తెలుగు శ్రోత ఇన్నాళ్లూ చాలా భద్రంగా బతికాడు. పొద్దున్న పాలు పొంగే వేళకు ఎఫ్ఎంలో వచ్చిన పాటే మధ్యాహ్నం ఆటోలో వస్తుంది, సాయంత్రం జిమ్‌లో వస్తుంది, రాత్రి పెళ్లి బరాత్‌లో డీజే పెట్టెల్లోంచి వస్తుంది. రాసిందెవరు, పాడిందెవరు అనే టెన్షన్ లేదు. హీరో ఎవరో తెలుసు. ఒక పాట గురించి అంతకు మించి తెలుసుకోవాల్సింది ఏముంటుంది? అది హిట్టో కాదో కూడా విడుదలైన గంటకే పోస్టర్ వేసి వాళ్లే చెప్పేస్తారు కాబట్టి మన చెవులకు ఆ శ్రమా తప్పింది.

ఇంత పద్ధతిగా సాగుతున్న సంసారంలో ఒకచోట చిల్లు పడింది. కమ్యూనిటీ రేడియో అంటారు దాన్ని. ఒక కాలేజీయో, ఓ సంస్థో తన చుట్టుపక్కలవాళ్ల కోసం నడుపుకునే చిన్న ఎఫ్ఎం స్టేషన్ అన్నమాట. 90.4 దగ్గరో 107.8 దగ్గరో పొరపాటున ఆగితే చాలు, ఏ సినిమాలోనూ పాడని మనిషి ముందస్తు హెచ్చరిక లేకుండా నేరుగా మన చెవిలో పాడేస్తాడు. పేరు ఎప్పుడూ విన్నది కాదు, పాటా విన్నది కాదు. బాగుందని ఇప్పుడే అనేయొచ్చా, ఎవరైనా అన్నాక అనాలా తెలియదు. బాధ్యత గల శ్రోతగా ఈ సంగతి ప్రభుత్వం దృష్టికి తేవడం నా ధర్మం.

తప్పు ఎక్కడ జరిగిందా అని తవ్వుకుంటూ పోతే 1995 ఫిబ్రవరి 9 దగ్గర తేలింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ తగువు. ఆ తగువేదో తీర్చి ఇంటికి పంపిస్తే సరిపోయేది. సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అనేసింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు జడ్జి జస్టిస్ జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఇక బయటివాళ్లను ఏమంటాం?

ప్రభుత్వం మాత్రం కంగారు పడలేదు. ప్రజల ఆస్తిని ప్రజలకు అప్పజెప్పాలంటే ఎంత ఆలోచించుకోవాలి! ముందు చదువుల సంస్థలకు ఇచ్చి చూసింది. 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు తలుపు తీయలేదు. తీసిన తలుపుకు గొలుసు వేసే ఉంచింది. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు దాటకూడదు. యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు. మన నట్టింట్లో తిరిగే పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఫ్యానుకున్న సత్తా కూడా లేని గొంతు ఎవరిని చెడగొడుతుందిలే అని ఢిల్లీలో లెక్క కట్టి ఉంటారు.

ఆ లెక్క తప్పింది. అవే నిబంధనల్లో ఒక మూల, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో కలిసి తయారు చేయాలని రాసి పెట్టారు. ఆ వాక్యం రాసిన అధికారి ఎవరో గానీ సినిమాలు చూసే అలవాటు లేని మనిషై ఉండాలి.

ఫలితం చూడాలంటే జహీరాబాద్ దగ్గర మాచ్నూర్ వెళ్లాలి. అక్కడ 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన పల్లె సంఘాల్లోని దళిత మహిళలు నడుపుతారు. యునెస్కో సాయంతో స్టూడియో ముందే సిద్ధమైంది గానీ లైసెన్సు రాలేదు. దాదాపు పదేళ్లు. అలాంటప్పుడు మర్యాదస్తులు తాళం వేసుకుని వెళ్లిపోతారు. వీళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో వేసుకుని విన్నారు. మైకు ముందు కూర్చునేదీ ఆడవాళ్లే, వెనక మిషన్ల దగ్గర ఉండేదీ ఆడవాళ్లే. రేడియో నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకరు ఆల్గోలు నర్సమ్మ, ఇంకొకరు ఏకంగా జనరల్ నర్సమ్మ. వాళ్లు వేసేవి జొన్న చేలో కలుపు తీసేటప్పటి పాటలు, ఇసుర్రాయి పాటలు, బతుకమ్మ పాటలు, మధ్యలో విత్తనాల ముచ్చట్లు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గానీ, పొరుగింటి పాట రుచి అని మన పెద్దలెవరూ అన్లేదన్న సంగతి వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ మధ్య జహీరాబాద్ దాటుతుండగా అలాంటి పాట ఒకటి కారు రేడియోలో నా చెవిన పడింది. ఒకామె ఎత్తుకుంటే నలుగురు వెనకనుంచి అందుకుంటున్నారు. డప్పు లేదు, కీబోర్డు లేదు. నడుమ ముందు పాడే ఆమెకు దగ్గొచ్చి లైను వదిలేసింది. మిగతావాళ్లు ఆ లైను మోసేశారు. పాట ఆగలేదు, ఎవరూ సారీ చెప్పలేదు. వెంటనే బండి పక్కకు తీసి, పాటలు గుర్తుపట్టే యాప్ తెరిచి ఫోను స్పీకర్ దగ్గర పెట్టాను. గుండ్రంగా తిరిగింది, తిరిగింది, ఏమీ దొరకలేదంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట. ఇంగ్లిష్, స్పానిష్, కొరియన్ ఏది పెట్టినా మూడు సెకన్లలో పుట్టుపూర్వోత్తరాలు చెప్పే యాప్ అది. దానికి దొరకలేదంటే ఆ పాట లేనట్టే. లేని పాట నాకెలా వినిపించింది? డాక్టరుకు చూపించుకోవాలేమో అనుకుంటూ బయల్దేరితే, బుధేరా రాకముందే సిగ్నల్ బర్రుమంటూ పోయింది. సదాశివపేట దాటాక హైదరాబాద్ ఎఫ్ఎం అందుకుంది. పొద్దున్న ఆటోలో విన్న పాటే. ప్రాణం లేచొచ్చింది.

వీళ్ల వల్ల ఇంకా చిక్కైన సమస్య ఒకటుంది. పల్లెలో ఒక పాట ఉంటుంది. అమ్మమ్మ పాడింది, అమ్మ పాడింది, ఇప్పుడు కూతురు పాడుతోంది. ఓ రోజు సినిమావాళ్లు విని ముచ్చటపడి, పల్లవి ఉంచి, చరణాలు మార్చి, కింద తీన్మార్ పరుస్తారు. కోట్ల వ్యూస్ వస్తాయి. ఆ తర్వాత అదే కూతురు రేడియోలో అదే పాట తన పద్ధతిలో పాడితే విన్నవాళ్లు ఏమంటారు? ‘కవర్ సాంగ్ బానే పాడిందిరా, కాకపోతే ఒరిజినల్‌లో ఉన్న ఫీల్ రాలేదు’ అంటారు. అనడం న్యాయమే. అమ్మమ్మకు ఛానల్ లేదు, అప్‌లోడ్ చేసిన తేదీ లేదు, ముందు పాడినట్టు రుజువేది? 2021లో ఓ జానపదం సినిమాకెక్కినప్పుడు, దాన్ని సేకరించిందెవరు, రాసిందెవరు అన్న గొడవ టీవీ చర్చల దాకా పోయింది. మొదట ఆ పాట కట్టినవాళ్లు మాత్రం ఏ స్టూడియోకూ రాలేదు. వాళ్లు ఎప్పుడో పోయారు.

కవర్ పాటల మీద మన చట్టానికి ఎంత శ్రద్ధ ఉందో చాలామందికి తెలీదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 31సి సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం అసలు రికార్డు చేసిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. నోటీసు ఇవ్వాలి. రాయల్టీ ముందే కట్టాలి, అదీ ఏడాదికి కనీసం 50 వేల కాపీల లెక్కన. అట్ట మీద పాత గాయకుల పేరు గానీ, ఆ సినిమా ఊసు గానీ ఉండకూడదు, కవర్ వెర్షన్ అని మాత్రం రాయాలి. హాస్టల్ గదిలో గిటార్ పట్టుకున్న కుర్రాడు ఇవన్నీ చక్కబెట్టుకుని వచ్చేసరికి ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పాడటం మానేస్తాడు. సమస్య దానంతటదే తీరిపోతుంది. అంతదాకా ఎందుకు, 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికే, ఇళయరాజా గారి పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడొద్దని నోటీసు అందింది. (పాట కట్టినాయనకు డబ్బు రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ నోటీసు వార్త చదివిన రోజు బాత్రూంలో కూడా నేను జాగ్రత్తగానే ఉన్నాను.)

అందుకే మన యువతరం తెలివైన దారి కనిపెట్టింది. సినిమా పాట ఆడియోను ఉన్నదున్నట్టు ఉంచేసి, లంబసింగి మంచులో జంటగా నడిచి, డ్రోన్ ఎగరేసి, కవర్ సాంగ్ అని పెడతారు. అందులో పాడేవాళ్లెవరూ ఉండరు. గొంతు నొప్పి రాదు, శ్రుతి తప్పదు. భక్తిలోనూ మనది ఇదే ఒరవడి. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప భజనల్లో నిరుటి హిట్లన్నీ తిరిగొస్తాయి, హీరోయిన్ ఉన్నచోట స్వామి ఉంటారు.

ఇక క్యాంపస్ రేడియోలు. హైదరాబాద్ యూనివర్సిటీకి బోల్ హైదరాబాద్ ఉంది, భీమవరంలో రేడియో విష్ణు ఉంది, ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఇలాంటి ఒకచోట (ఎక్కడో చెప్పను, పాపం చదువుకునే పిల్లలు) ఓ అబ్బాయి పాట మధ్యలో ఆపి, ‘ఒక్క నిమిషం, తీగ దిగిపోయింది’ అని ప్రసారం నడుస్తుండగానే గిటార్ శ్రుతి చేసుకున్నాడు. టుయ్, టుయ్ అంటూ అరనిమిషం. తర్వాత వాళ్ల ఊరి ఆఖరి బస్సు మీద తనే కట్టిన పాట మళ్లీ మొదటి నుంచి పాడాడు. మొబైల్లో రికార్డు చేసి మా బావకు పంపాను.

‘ఏ సినిమాలోది?’ అన్నాడు.

‘ఏ సినిమాలోదీ కాదు బావా.’

‘మరెందుకు పంపావ్?’

సమాధానం చెప్పలేకపోయాను. బావది గట్టి పాయింటు. పెళ్లిళ్లలో కుర్చీ లాక్కుని, పాటలంటే ఆ రోజుల్లోవే, ఇప్పుడేం పాటలు అని నిట్టూర్చే పెద్దమనుషులు కూడా మా బావ పార్టీయే. నిట్టూర్పు అయ్యాక వాళ్లు కొత్తదేదీ వెతకరు.

నిజానికి ఇండిపెండెంట్ సంగీతానికి మనం వ్యతిరేకులం కాదు. సినిమాలోకి వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తాం, అంతే. తెలుగులో రెగె పాడే చౌరస్తా బ్యాండ్ ఉందని తెలియనివాళ్లు కూడా, అందులో పాడిన రామ్ మిరియాల సినిమాలకు పాడగానే కొత్త గొంతు దొరికిందన్నారు. దర్శనం మొగిలయ్య గారు ఏళ్ల తరబడి కిన్నెర మీద వీరుల కథలు పాడుతూ వచ్చారు. మనలో ఎక్కువమందికి ఆయన తెలిసింది 2021లో ఓ పెద్ద హీరో సినిమా పాటతో. మరుసటి ఏడాది పద్మశ్రీ. ఆయన కిన్నెరకు మెట్లు 12. మన చెవి దాకా రావాలంటే పదమూడోది ఫిల్మ్‌నగర్‌లో ఉంది.

కమ్యూనిటీ రేడియోను నిషేధించమని మాత్రం నేను అడగను. నిషేధాలతో ఈ దేశానికి మంచి అనుభవం లేదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గెంటేసింది, 1971లో మళ్లీ లోపలికి పిలిచింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి కేస్కర్ గారు సినిమా పాటలను కట్టడి చేస్తే జనం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు, 1957లో వివిధ భారతి పెట్టి బతిమాలి వెనక్కు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ గందరగోళంలోనే లలిత గీతాలని సినిమా కాని పాటలు రేడియో నిండా వచ్చి, ఒక తరం వాటిని ఇంటిల్లిపాదీ నేర్చుకుంది. మళ్లీ అలాంటిది జరిగితే తట్టుకునే శక్తి మన పరిశ్రమకు లేదు.

కాబట్టి చిన్న సవరణలు చాలు. 2024లో గంటకు ప్రకటనల సమయాన్ని 12 నిమిషాలు చేశారు, సంతోషం. దాన్ని 55 చేయాలి. పాట పంపేవాళ్లు దానికి సంబంధించిన హీరో పేరు జతపరచాలి, లేకపోతే స్థానిక ఎమ్మార్వో నుంచి హీరో లేడన్న ధ్రువీకరణ పత్రం తేవాలి. యాప్‌కు దొరకని పాటలను పెద్దవాళ్ల తోడు లేకుండా వినకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సినిమా హాళ్లలో పొగాకు వ్యతిరేక ప్రకటన వేసినట్టు ప్రతి పాటకు ముందూ ఒక హెచ్చరిక వేయాలి: ‘ఇప్పుడు మీరు వినబోయే పాట ఏ సినిమాలోదీ కాదు. పాడుతున్న మనిషి మీ మండలంలోనే ఉంటారు. నచ్చితే దానికి మీరే బాధ్యులు.’ ఆ హెచ్చరిక చదివే గొంతు మాత్రం ఎవరైనా సినిమా నటుడిదై ఉండాలి, లేకపోతే జనం నమ్మరు.