సవరణ: వీఎస్ఎస్ వేరు, గ్రామసభ హక్కు వేరు

మొన్నటి పోస్టులో, వన సంరక్షణ సమితి (వీఎస్ఎస్, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరి కమిటీ) ఉన్న ఊరికి అడవి మీద హక్కు వచ్చేసినట్టే అని రాసేశాను. తప్పు నాదే. వీఎస్ఎస్‌లు 1990లలో ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద ప్రభుత్వ ఉత్తర్వులతో వచ్చినవి, రాబడిలో వాటా ఉంటుంది కానీ పగ్గాలు మాత్రం అటవీ శాఖ చేతిలోనే. 2006 అటవీ హక్కుల చట్టం సంగతి అలా కాదు, సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం సామూహిక అటవీ వనరును, అంటే ఊరంతా కలిసి ఆనవాయితీగా వాడుకుంటున్న అడవిని, కాపాడుకోవడం, నిర్వహించుకోవడం ఊరి హక్కు, ఎవరో దయతలచి ఇచ్చే వాటా కాదు. తెలంగాణ పక్కనే, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా గ్రామసభ ఆ హక్కుకు పట్టా తెచ్చుకుని, 2011లో తన వెదురు తనే అమ్ముకుంది (వెదురును బయటికి తరలించడానికి కావాల్సిన రవాణా పర్మిట్ పుస్తకం కోసం పెద్ద పోరాటమే చేయాల్సొచ్చింది లెండి). పాత పోస్టులో ఆ పేరా తీసేశాను, పోడు పట్టాల భాగం అలాగే ఉంది.