@పరామ్ గారికి మారతహళ్లి నుంచి ఉత్తరం

గౌరవనీయులైన @పరామ్ గారికి,

నమస్కారమండి. జావా కోడ్‌లో పారామీటర్ పక్కన నిలబడి దాని పేరు మైబాటిస్‌కి (జావానీ డేటాబేస్‌నీ కలిపే లైబ్రరీ) చెప్పే గుర్తు కదా తమరు, శుక్రవారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచిపోయింది. బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఎక్కాల్సిన బెజవాడ బస్సు నన్నొదిలేసి వెళ్లిపోయింది, టికెట్ డబ్బులు కూడా వెనక్కి రావట. ఎందుకు రావట్లేదురా అని అమ్మ అడిగితే ముందు మీరెవరో చెప్పాలి, అది నా వల్ల అయ్యే పని కాదు.

మెథడ్‌కి ఒక్క పారామీటర్, అంటే లోపలికిచ్చే ఒక్క మామూలు విలువ, పంపితే మీతో పన్లేదు, డేటాబేస్‌ని అడిగే క్వెరీలో ఏ పేరు రాసినా మైబాటిస్ నోరెత్తదు. రెండోది వచ్చిందా, మామూలుగా ఇక ఒక్కోదానికీ మీరు పక్కన నిలబడి పేరు చెప్పాల్సిందే. సరే, పెట్టాం కదండీ, సిటీకి ఒకటి, స్టేటస్‌కి ఒకటి! అయినా సర్వర్ మీద 'సిటీ' నాట్ ఫౌండ్ అంట, ఉన్నవి ఆర్గ్1, ఆర్గ్0, పరామ్1, పరామ్2 అంట. ఇచ్చింది రెండు, చూపించేది నాలుగు, ఒక జంటకి లెక్క సున్నా నుంచి, ఇంకో జంటకి ఒకటి నుంచి, మనకి కావాల్సింది మాత్రం అందులో ఉండదు.

తీరా చూస్తే అక్కడ కూర్చున్నది మీరు కాదు! స్ప్రింగ్ డేటా అనే ఇంకో లైబ్రరీ వాళ్లింట్లో కూడా ఓ @పరామ్ గారున్నారు, కోడ్ రాసుకునే ఐడీఈ ఆయన్ని ఇంపోర్ట్ చేసి ఆ ఇంపోర్ట్ లైన్లన్నీ మడిచి దాచేసింది, కంపైలర్ కిక్కురుమనలేదు, రివ్యూలో ఎల్జీటీఎం (నాకు బాగానే ఉంది) అని కొట్టేశారు. నా లాప్‌టాప్‌లో ఎలా నడిచిందంటే అక్కడ కంపైలర్‌కి పారామీటర్ల పేర్లు చెరపకుండా ఉంచే -పారామీటర్స్ ఫ్లాగ్ ఉంది, జావా 8 నుంచి ఉన్న సౌకర్యమే, అదుంటే మైబాటిస్ అసలు పేర్లు తనే చదువుకుంటుంది, మీరున్నా లేకున్నా ఒకటే. సర్వర్ బిల్డ్‌లో ఆ ఫ్లాగ్ లేదు, అయిపోయింది.

ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే పోస్ట్‌మ్యాన్ కూడా ఇంటిపేరు అడుగుతాడు కదయ్యా. "ఇది నేను కాదు, పక్కింటాయన" అని ఎర్రర్‌లో ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? గారూ లేదు గీరూ లేదు, చెప్పు! నీ ఇంటిపేరైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు, 2010లోనే అపాచీ సంస్థ ఇల్లు ఖాళీ చేసి ఐబాటిస్ కాస్తా మైబాటిస్ అయ్యారు, ప్యాకేజీ మాత్రం ఈరోజుకీ ఆర్గ్ డాట్ అపాచీ డాట్ ఐబాటిసే.

ఇట్లు,
బస్సు పోయినవాడు

తా.క.: డాలర్ బ్రాకెట్ (${}) గారి సంగతి విడిగా చూస్తా. యూజర్ కొట్టింది కొట్టినట్టు క్వెరీలో అతికించేసే ఆ పెద్దమనిషి మీద రాయాల్సింది ఉత్తరం కాదు, ఎఫ్ఐఆర్.