పిట్ట వాలే చేను

తొలకరి జల్లులు పడ్డాక ఒక గట్టి వాన కురిసి, సాయంత్రానికి ఉక్క మొదలైతే, చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పుట్టల నుంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి వాటిని పట్టి, వేయించి, బొరుగుల్లో కలుపుకొని తినే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గంటసేపు ఒక పుట్ట దగ్గర నిలబడి చూడాలి. పుట్ట నోటి దగ్గర గోరింకలు, తొండలు, కప్పలు. కాస్త పైన, కరెంటు తీగ మీది నుంచి పసుల పోలిగాడు అనే నల్ల పిట్ట ఎగిరి ఒక్కొక్క ఉసిలినీ ముక్కున పట్టి మళ్లీ అదే తీగ మీదికి చేరుతుంది. ఇంకా పైన, గోపురాల్లో గూళ్లు కట్టుకునే నల్లటి స్విఫ్ట్ పిట్టలు నోరు తెరిచి గాలిలోనే మింగేస్తుంటాయి. చీకటి పడేసరికి తీగ ఖాళీ. పైడికంటెలనే చిన్న గుడ్లగూబలు, చిన్న గబ్బిలాలు పని అందుకుంటాయి. రెక్కలు రాల్చుకుని నేల మీద పాకేవాటిని రాత్రంతా చుంచెలుక ఏరుకుంటుంది.

తిండి ఒకటే. తినే ఎత్తు వేరు, వేళ వేరు, పట్టే తీరు వేరు. అందుకే ఇన్ని ప్రాణులు ఒకే పుట్ట చుట్టూ బతకగలుగుతున్నాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. ఊరి నిండా పసుల పోలిగాళ్లున్నా మట్టిలోని వేరుపురుగును బయటికి తీయలేవు. వంద గోరింకలున్నా రాత్రి ఎగిరే రెక్కల పురుగును ముట్టవు. మన రెండు జిల్లాల్లో ఎత్తు, వేళ, తీరు అనే ఈ మెట్లను ఒక్కొక్క చోట ఒక్కొక్క పనితో విరగ్గొడుతున్నాం. ఎవరికీ పిట్టల మీద పగ లేదు. ఏ పని దేన్ని చెరుపుతుందో చెప్పేవారు లేకపోవడమే కారణమని మేము భావిస్తున్నాం.

దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక కూడా ఈ దిశగానే హెచ్చరించింది. పండ్లు, తేనె మీద బతికే పక్షుల కంటే పురుగుల మీద బతికేవి వేగంగా తగ్గుతున్నాయని అది తేల్చింది. తగ్గుతున్న వాటిలో పాలపిట్ట ఒకటి. 2018లో రామచిలుకకు చోటిచ్చేదాకా అదే మన రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూడడం శుభమంటాం. మిడతలను, పేడ పురుగులను తింటూ, ఎండిపోయిన తాటి, కొబ్బరి మోడుల తొర్రల్లో గుడ్లు పెట్టే ఆ పిట్టకు మిగతా ఏడాదంతా ఆ మోడు అక్కరలేదా? మోడును కొట్టేసి కట్టెలకు వాడుకోవడం మనకు అలవాటైపోయింది. ఎకరాకు ఒక్క మోడు నిలబెట్టినా వడ్రంగి పిట్ట తొర్ర తొలుస్తుంది, ఆ తర్వాతి ఏళ్లలో ఆ తొర్ర పైడికంటెకో గోరింకకో ఇల్లవుతుంది.

చేను సంగతే ముందు చూడాలి, ఎందుకంటే ఇక్కడ నష్టమూ లాభమూ రైతు కంటికి కనిపిస్తాయి. వేరుశనగలో పక్షి స్థావరాలు, అంటే పిట్టలు వాలే కొయ్యలు, పెట్టమని వ్యవసాయ శాఖ చాలా కాలంగా చెబుతోంది. ఎకరాకు 20 పెడితే చాలు. అంటే ఒక్కో కొయ్యకు మధ్య 14 మీటర్ల దూరం. కొయ్యలు నాటిన చాలా చేలల్లో పిట్ట వాలకపోవడానికి కారణాలు చిన్నవే. కొయ్యకు బదులు పైపులు పాతితే నున్నగా ఉండి కాలికి పట్టు దొరకదు. అడ్డకర్ర సన్నగా ఉంటే గాలికి ఊగుతుంది, పోలిగాడు కూర్చోడు. కొయ్యలన్నీ గెనిమల (చేను గట్ల) మీదే పాతితే చేను నడిమి పురుగు అలాగే ఉండిపోతుంది. బొటనవేలంత లావున్న వేప లేదా కానుగ కొమ్మకు మూరెడు అడ్డకర్ర కట్టి, పైరు కంటే రెండు అడుగులు ఎత్తుండేలా, విత్తిన రెండు మూడు వారాలకే చేను లోపల నాటాలి. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పిల్లదశలో ఉన్నప్పుడే పిట్టకు చేను అలవాటు కావాలి. పురుగు బలిసి, పగలు మట్టిపెళ్లల కింద దాక్కోవడం మొదలుపెట్టాక కొయ్య పాతితే ఫలితం అంతంతమాత్రమే. సరిహద్దు పంటగా నాలుగు వరుసలు సజ్జో జొన్నో వేస్తే అవీ పిట్టకు కూర్చునే చోటే. కంకి గింజ పట్టేటప్పటికి చిలుకలు దిగుతాయి కాబట్టి కంకులను ముందుగానే కోసుకోవాలి. పొద్దుతిరుగుడు, జొన్న చేలల్లో నాటిన కొయ్యలనైతే గింజ పాలు పోసుకునే ముందే పీకేయాలి.

పిట్టలతో అన్నీ తీరతాయని చెప్పడం రైతును మోసం చేయడమే. ఎర్రగొంగళి పురుగునే తీసుకుందాం. ఒళ్లంతా నూగు. పోలిగాడు, గోరింక దాని జోలికి పెద్దగా పోవు. దాన్ని ఇష్టంగా తినేవి కోయిల జాతి పక్షులు, చాతకం, జెముడుకాకి లాంటివి. జెముడుకాకి కొయ్య మీద కూర్చుని వేటాడదు, దట్టమైన కంపల్లో దూరి తిరుగుతుంది. గెనిమ మీది పొదను జేసీబీతో చెక్కేసిన చేలో దానికి తావు ఉండదు. కాబట్టి ఎర్రగొంగళికి పద్ధతి వేరే. మొదటి పెద్ద వాన తర్వాత రెక్కల పురుగులు బయటికొచ్చే రాత్రుల్లో ఊరంతా కలిసి దీపపు ఎరలు గానీ మంటలు గానీ పెట్టాలి. పురుగు పక్క చేలోకి పాకకుండా అడుగు లోతు కాలువ తీయాలి. గెనిమ మీద ఒక్క పక్కనైనా పొద ఉంచాలి. ఆకుముడత పురుగు ముడిచిన ఆకు లోపల ఉంటుంది. పోలిగాడికి దొరకదు. ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీ పిట్ట లాంటి చిన్నవే దాన్ని ఏరుకోగలవు. వాటికీ పొదే ఇల్లు.

వేసవి దుక్కి గురించి ఒక మాట. లోతుగా దున్నితే మట్టిలోని కోశస్థ దశ పురుగులు, వేరుపురుగులు పైకి వస్తాయి, గోరింకలు, పశువుల కొంగలు వచ్చి ఏరుకుంటాయి. ఇది అందరికీ తెలిసిందే. ఇప్పుడు ట్రాక్టరు బాడుగ దొరికే వేళను బట్టి రాత్రి లైట్లు వేసుకుని దున్నే అలవాటు పెరిగింది. రాత్రి పైకి వచ్చిన వేరుపురుగు తెల్లారేలోపు మళ్లీ మట్టిలోకి దూరిపోతుంది. అదే దుక్కి, అదే డీజిలు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య దున్నితే నాగలి వెంట పిట్టలుంటాయి.

ఇక పురుగుమందు. చనిపోయిన పురుగుకన్నా చావబోతూ నెమ్మదిగా పాకే పురుగు పిట్టకు సులువుగా దొరుకుతుంది. విషం గొంతు దిగేది అక్కడే. 1995-96లో అర్జెంటీనాలో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొడితే, ఆ మిడతలను తిని ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చిన గద్దలు వేల సంఖ్యలో చనిపోయాయి. మన దేశంలో కూరగాయల మీద ఆ మందును 2005లోనే నిషేధించారు. మందు నేరుగా తగలకపోయినా దెబ్బ తప్పదు. చెరువుల్లో, కాలువల్లో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు లీటరుకు 20 నానోగ్రాములు దాటిన చోట్ల పురుగు తినే పక్షులు సగటున ఏటా 3.5 శాతం తగ్గాయని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2014లో ప్రకటించారు. తల్లి పిట్ట చావనక్కర లేదు, పిల్లల నోట్లో పెట్టడానికి పురుగు దొరక్కపోతే చాలు. మందు పట్టించి విత్తన శుద్ధి చేసిన గింజలు చేను మలుపుల్లో పైన పడి ఉంటే వాటి మీద మట్టి కప్పాలి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయడంతో మొదలుపెట్టి, అది ఆగకపోతేనే గట్టి మందుకు పోవాలి. రైతు సేవా కేంద్రాల్లో మందు చీటీ రాసిచ్చేటప్పుడు ఈ వరస చెప్పాలని మేము కోరుతున్నాం.

చేను దాటి శేషాచలం ఎక్కితే పురుగులు తినే జంతువులు కనిపిస్తాయి. ఎలుగుబంటి నోరు పుట్ట కోసమే తీర్చిదిద్దినట్టుంటుంది. పై దవడ మధ్యలో రెండు పళ్లు ఉండవు, ముక్కు రంధ్రాలు మూసుకోగలదు, పెదవులు గొట్టంలా ముందుకు వస్తాయి. గోళ్లతో పుట్టను తవ్వి, మట్టిని ఊది, చెదలను పీల్చేటప్పుడు ఆ చప్పుడు వంద మీటర్ల దూరం వినిపిస్తుంది. ఒళ్లంతా పొలుసులుండే అలుగుకు పళ్లే లేవు. జిగట నాలుకతో చీమలను, చెదలను మింగి, కడుపులోని ఇసుక, రాళ్లతో నూరుకుంటుంది. కాన్పుకు సాధారణంగా ఒకే పిల్ల. ఒకసారి వేటగాళ్లు ఊడ్చేసిన కొండలో అది మళ్లీ నిండడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. దాని పొలుసు మన గోరు లాంటి పదార్థమే, మందుగా దానికి ఏ గుణమూ లేదు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జంతువును పడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

పెద్ద కళ్లతో చిన్న కోతిలా ఉండే దేవాంగపిల్లికీ అంతే రక్షణ ఉంది. రాత్రంతా చింత, తుమ్మ కొమ్మల మీద మెల్లగా నడుస్తూ ఎక్కువగా చీమలు, చెదలు, పెంకు పురుగులను పట్టి తింటుంది. అది దూకలేదు. ఈ ఒక్క మాట రోడ్ల శాఖ, విద్యుత్ సిబ్బంది గుర్తుపెట్టుకోవాలి. మామండూరు, భాకరాపేట వైపు అడవి రోడ్ల మీద రెండు పక్కల కొమ్మలు పైన కలిసి ఉంటే అది దాటిపోతుంది. మధ్యలో నరికితే నేలకు దిగుతుంది, కుక్కకో లారీకో బలవుతుంది. తీగలకు తగిలే కొమ్మ కొట్టక తప్పదు. కొట్టిన చోట రెండు చెట్లకు మధ్య మందపు తాడో వెదురో కట్టడానికి ఖర్చు ఎంత? అదే రోడ్ల మీద రాత్రి వెచ్చదనానికి నైట్‌జార్ పిట్టలు కూర్చుంటాయి. దీపం వెలుతురులో ఎర్రగా మెరిసే కళ్లు కనిపించగానే వేగం తగ్గిస్తే అవి లేచిపోతాయి.

ఈ కొండల్లో ఉడుతలా ఉండే ఇంకో ప్రాణి ఉంది, మద్రాస్ ట్రీష్రూ. పురుగులు, పండ్లు తింటుంది. ఉడుత జాతి మాత్రం కాదు. వెదురు ఉడుత అనే అర్థంలో తమిళులు పిలిచే 'మూంగిల్ అణత్తాన్' నుంచే దానికి అనథానా అనే శాస్త్రీయ నామం వచ్చింది. సరిహద్దు జిల్లా వాళ్లం కనుక ఈ పేరు మనకూ దగ్గరదే.

ఎండాకాలం నిప్పు ఈ అందరికీ శత్రువు. 2014 మార్చిలో శేషాచలం మంటలను ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. నేల లోపలి చెదలు బతికినా, ఆకుల కింది పురుగు, ఎండుకట్టెలోని పురుగు కాలిపోతాయి. గడ్డి కోసం, దారి కోసం పెట్టే చిన్న మంటలే ఎక్కువ. ఫిబ్రవరిలోగా కాలిబాటల అంచున మూడు మీటర్ల మేర ఆకు ఊడ్చే పని స్థానికులకే కూలికి ఇవ్వాలి. కొండ కింది కంపనేలను బంజరు అని రాసుకుని మొక్కలు నాటి పచ్చగా చేయాలనే ఉత్సాహం కూడా తగదు. పక్కనే కడప జిల్లా లంకమలలో 1986లో తిరిగి దొరికిన అరుదైన పక్షి కలివికోడి అలాంటి పలుచని పొదల మధ్య ఖాళీ నేల మీదే బతుకుతుంది. నీలగిరి తోట పెడితే అది అక్కడ ఉండదు.

ఊళ్లలో అన్నిటికంటే అన్యాయం జరిగేది చుంచెలుకకు. పేరులో ఎలుక ఉన్నా అది ఎలుక కాదు. బియ్యం బస్తా కొరకదు, బొద్దింకలను, పురుగులను వెతుక్కుంటూ గోడవారనే పరుగెత్తుతుంది. పొడుగాటి కొనదేరిన మూతి, చిన్న కళ్లు, ఘాటు వాసన, చిట్‌చిట్ చప్పుడు ఉంటే అది చుంచెలుకే. ఇంటి మూల విషపు బిళ్ల, జిగురు అట్ట పెట్టే ముందు ఇది చూసుకోవాలి. విషం తిన్న ఎలుకను పట్టిన పైడికంటె కూడా చచ్చే ప్రమాదం ఉంది. నాలుగైదు గ్రాముల బరువుండే చిన్న గబ్బిలాలు పాత మండపాల సందుల్లో, పెంకుల కింద ఉంటాయి. మరమ్మతు చేసేటప్పుడు అవి పిల్లల్ని పెంచే నెలలు వదిలి, బయటికి పోయే సందును సాయంత్రం అవి వెళ్లాక మూయాలి. గోపురాలకు రంగు వేసేటప్పుడు స్విఫ్ట్ గూళ్లలో పిల్లలున్నాయేమో చూడడం మేస్త్రీకి అయిదు నిమిషాల పని. కొండ అంచు వీధుల్లో తెల్లటి ఎల్‌ఈడీల బదులు పసుపు వెలుతురు దీపాలు, పైకి కాంతి పోకుండా మూతతో పెడితే రెక్కల పురుగు అక్కడికక్కడే తిరిగి చావడం తగ్గుతుంది.

తిరుపతిలో కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఏ మండలంలో ఏ చేలో ఎన్ని పోలిగాళ్లు వాలుతున్నాయో ఏటా ఒకే నెలలో, ఒకే పద్ధతిలో లెక్కపెట్టడానికి ఈ మూడూ కలిస్తే, కొయ్యలు పని చేశాయో లేదో రైతుకు అంకెల్లో చెప్పొచ్చు.

చివరిగా చెరువు కట్టలు, స్వర్ణముఖి గట్లు. చిన్న పచ్చటి పసరిక పిట్ట మార్చి నుంచి జూన్ దాకా నిటారైన మట్టి గట్టులో పొడవాటి బొరియ తవ్వి, ఆ కొసన గుడ్లు పెడుతుంది. ఉపాధి హామీ పూడికతీత, కట్ట పనులు జరిగేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. జేసీబీ కట్టను ఒక్కసారి గీకితే గుంపు మొత్తం పోతుంది. పనులు మొదలయ్యే ముందు ఫిబ్రవరి చివర్లో పంచాయతీ కార్యదర్శి, క్షేత్ర సహాయకుడు కట్ట పొడవునా ఒకసారి నడవాలి. మూడు వేళ్లు పట్టేంత బొరియలు గుంపుగా కనబడిన చోట రెండు పక్కలా సున్నంతో గీత గీసి, ఆ పది గజాలను జూలై దాకా వదిలేసి, మిగతా కట్ట పని చేసుకోవచ్చు.