గ్లూకోమీటర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గ్లూకోమీటర్ గారి సముఖానికి,

మీ అంకెల్ని నోట్‌బుక్‌లోకి ఎక్కించే మనిషి నమస్కరించి రాయునది. తమరు క్షేమమేనని తెలుసు. మీ మెమరీ ఇంకా క్షేమం. బటన్ నొక్కితే చాలు, పెద్దాయనకి పోయిన నెల ఏ పొద్దున ఎంత షుగర్ ఉందో తేదీ, టైముతో సహా చెప్పేస్తారు. ఆ పెద్దాయనకేమో ఇందాక మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు.

అనుమానం తీరక ఇంకోటి వేసుకుంటారు. ఇన్సులిన్ చేసుకుని అన్నం సంగతి మర్చిపోతారు. షుగర్ 70 కిందికి జారిపోతుంది. ఒళ్లంతా చెమట, మాట తడబాటు, కన్నకూతుర్ని పట్టుకుని "నువ్వెవరమ్మా?" అని అడగడం. వయసైపోయింది కదా అని ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. ఆ క్షణంలో మిమ్మల్ని డబ్బాలోంచి తీసే నాథుడుండడు. తమరి దర్శనం పరగడుపునే కదా!

పైగా మీరు 200 చూపిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్, 65 చూపిస్తే "భేష్, కంట్రోల్‌లో ఉంది" అని మెచ్చుకోళ్లు. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే అయినా, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం దానికే కావాలి. ఆ శక్తినిచ్చే గ్లూకోజ్‌ని దాచుకునే చోటు దానికి లేదనే చెప్పాలి. టైప్ 2 షుగర్ ఉన్న పెద్దవాళ్లలో, షుగర్ ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి దాకా వెళ్లినవాళ్లకి డిమెన్షియా (మతి తప్పే జబ్బు) ముప్పు ఎక్కువని 2009లో 'జామా' అనే అమెరికన్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మతి తప్పినకొద్దీ మందులు తారుమారవుతాయి, తారుమారైనకొద్దీ మతి ఇంకా తప్పుతుంది. అందుకే అలాంటివాళ్లకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8 శాతం లోపు ఉంటే చాలంటారు డాక్టర్లు. ఈ మాట ఇంట్లో అంటే మాత్రం నన్ను పెద్దాయన మీద పగబట్టినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

అలాగని షుగర్‌ని గాలికొదిలేయమనడం లేదు. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నటి రక్తనాళాలు పాడవుతాయి. కళ్లు పోతాయంటే నమ్ముతారు, కిడ్నీలంటే భయపడతారు, పాదాలు రోజూ తిరగేసి చూసుకుంటారు. మెడ పైన మాత్రం ఒంట్లో భాగం కాదన్నట్టే ఉంటారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపని నెదర్లాండ్స్‌లో జరిగిన రాటర్‌డామ్ అధ్యయనం 1999లోనే చెప్పింది. షుగర్ ఎంత చిన్న వయసులో వస్తే ఆ ముప్పు అంత ఎక్కువ.

(మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లకేళ్లు మింగేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గొచ్చు. దానివల్ల కూడా మతిమరుపు వస్తుంది. రక్తపరీక్షలో తెలిసిపోతుంది, మందుతో సరిచేసుకోవచ్చు. ఈ సంగతి కనిపెట్టడం మీ డ్యూటీ కాదనుకోండి.)

కాబట్టి అయ్యా, వీలైతే మీ తెర మీద అంకె పక్కన ఒక ప్రశ్న కూడా వెయ్యండి: "మాత్ర ఎవరిచ్చారు? తిన్నారా?" 65 ఏళ్లు దాటిన షుగర్ పేషెంట్లకి ఏటా జ్ఞాపకశక్తి పరీక్ష చెయ్యాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సిఫారసు ఉంది. అందులో ఒక రకం మరీ సులువు. మూడు మాటలు చెప్తారు. గడియారం బొమ్మ గీసి, పదకొండు గంటల పది నిమిషాలకు ముళ్లు పెట్టమంటారు. తర్వాత ఆ మూడు మాటలూ తిరిగి అడుగుతారు. దీనికి స్ట్రిప్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు, రక్తం చుక్కా అక్కర్లేదు. అందుకే కాబోలు, ఎవరికీ అది పరీక్షలా అనిపించదు.

ఇట్లు,
తమరి నోట్‌బుక్ గుమాస్తా